చుక్కాని ఉన్న కయాక్ కొనాలా, స్కెగ్ ఉన్నది కొనాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. విశాఖ నుంచి సియాటెల్ వచ్చి రెండేళ్లయింది. లేక్ యూనియన్ అనే చెరువులో అద్దె కయాక్‌తో, అంటే తెడ్డుతో నడిపే సన్నటి పడవతో మొదలుపెట్టారు. ఇప్పుడు సియాటెల్‌ని ఆనుకున్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌లోకి, తర్వాత మెల్లగా శాన్ వాన్ దీవుల దాకా వెళ్లాలని ఉంది. సెకండ్ హ్యాండ్‌లో రెండు సముద్రపు కయాక్‌లు చూశారు. రెండూ 16 అడుగులకు అటూ ఇటూ. ఒకదానికి తోక మీద చుక్కాని ఉంది, కాళ్లతో తిప్పుకోవచ్చు. ఇంకోదానికి అడుగున స్కెగ్ ఉంది, అంటే కిందికి దించుకునే, అటూ ఇటూ తిరగని రెక్క. అమ్మే ఇద్దరూ తమదే మంచిదంటున్నారు. ఏది తీసుకోవాలి?

మీరు చెప్పిన వాడకానికి స్కెగ్ ఉన్నదే తీసుకోండి. ఒక్కరే నడిపే పడవ, ఎక్కువగా ఒక్క రోజు ప్రయాణాలు, పైగా ఇంకా నేర్చుకునే దశ. ఈ మూడూ కలిసినప్పుడు స్కెగ్ మీకు ఎక్కువ నేర్పుతుంది, తక్కువ ఇబ్బంది పెడుతుంది. కానీ ఒక షరతు ఉంది. ఆ పడవ మీ ఒంటికి సరిపోవాలి. తుంటి దగ్గర మరీ వదులుగా ఉన్నా, మోకాళ్లు డెక్ (పడవ పైకప్పు) కింద సరిగా ఆనకపోయినా స్కెగ్ ఉందన్న ఒక్క కారణంతో కొనకండి. చుక్కాని ఉన్న పడవే మీకు బాగా సరిపోయి, దానికి కాలు ఆనించే భాగం కదలని రకం పెడల్స్ ఉంటే, నిశ్చింతగా అదే కొనండి. ఆ పెడల్స్ సంగతి కింద వివరంగా రాస్తాను, అది చాలా ముఖ్యం.

నేను ఈ నీళ్లలో 17 ఏళ్లుగా తెడ్డు వేస్తున్నాను. మొదటి ఆరేళ్లు చుక్కాని ఉన్న పడవ, ఆ తర్వాత ఇప్పటిదాకా స్కెగ్ ఉన్నది. మా ఆవిడతో కలిసి వెళ్లడానికి ఇద్దరు కూర్చునే పడవ కూడా ఉంది, దానికి చుక్కాని ఉంది. కాబట్టి ఒక పక్షం తీసుకుని రెండోదాన్ని తిట్టడానికి ఇది రాయడం లేదు.

ముందు ఒక అపోహ తీసేయాలి. చుక్కాని అనగానే మనకు గోదావరి మీద లాంచీ గుర్తొస్తుంది. సరంగు చక్రం తిప్పితే లాంచీ తిరుగుతుంది. కయాక్‌లో సంగతి వేరు. ఒక మనిషి కూర్చునే సన్నటి పడవను తిప్పడానికి తెడ్డు, నడుము, పిరుదుల మీద బరువు చాలు. చుక్కానిగానీ స్కెగ్‌గానీ పెట్టేది ప్రధానంగా గాలి కోసం. అసలు సమస్య గాలి దగ్గర ఉంది కాబట్టి దాన్ని అర్థం చేసుకుంటే మిగతాదంతా సులువవుతుంది.

మీరు ముందుకు సాగుతున్నారు, గాలి పక్కనుంచి వీస్తోంది. పడవ ముక్కు కదలని నీటిని చీల్చుకుంటూ వెళ్తుంది, రెండు పక్కలా నీరు దాన్ని గట్టిగా నొక్కి పట్టుకుంటుంది. తోక దగ్గర నీరు అప్పటికే చెదిరిపోయి ఉంటుంది, అక్కడ పట్టు తక్కువ. అందుకని గాలి తోస్తే ముక్కు నిలబడుతుంది, తోక పక్కకు జారుతుంది. తోక గాలి పోయే వైపు జారిందంటే ముక్కు గాలి వచ్చే వైపు తిరిగినట్టే. దీన్నే వెదర్‌కాకింగ్ అంటారు. పడవ మంచిదైనా ఎంతో కొంత ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ ఇది కూడా పెరుగుతుంది, ఆగిపోతే తగ్గిపోతుంది. కొత్తవాళ్లు గాలిని చూసి భయపడి ఇంకా గట్టిగా తెడ్డు వేస్తారు, పడవ ఇంకా ఎక్కువగా గాలిలోకి తిరుగుతుంది. 10, 15 నాట్ల (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కి.మీ.) పక్కగాలిలో గంటసేపు ఒకే వైపు సరిదిద్దుకుంటూ వెళ్తే భుజం ఏమవుతుందో ఒక్కసారి అనుభవించినవాళ్లకు తెలుసు.

ఇప్పుడు స్కెగ్. తోకకు దగ్గరగా పడవ అడుగున సన్నటి పెట్టె ఉంటుంది, దానిలోంచి ఒక రెక్క కిందికి దిగుతుంది. అది అటూ ఇటూ తిరగదు. కాక్‌పిట్ (మనం కూర్చునే గుంట) పక్కన ఉన్న మీటను జరిపితే ఎంత కావాలంటే అంత దిగుతుంది, అంతే. దిగిన కొద్దీ తోకకు నీటిలో పట్టు పెరుగుతుంది, తోక జారడం తగ్గుతుంది. పూర్తిగా పైకి ఉంటే పడవ గాలిలోకి తిరగాలని చూస్తుంది. సగం దించితే చాలా పడవలు పక్కగాలిలో తిన్నగా పోతాయి. పూర్తిగా దించితే తోకే గట్టిగా నిలబడి ముక్కు గాలి పోయే వైపు వాలుతుంది. అంటే దించాలా వద్దా అన్నదొక్కటే కాదు, ఎంత దించాలన్నదే స్కెగ్ విద్య. కొత్తగా కొన్నవాళ్లలో ఎక్కువమంది పూర్తిగా దించేసి, పడవ తిరగడం లేదని ఫిర్యాదు చేస్తారు. వేలెడంత దించి చూడండి, పది తెడ్లు వేయండి, ఇంకాస్త దించండి. రెండు మూడు ప్రయాణాల్లో చెయ్యి దానంతటదే మీట మీదికి వెళ్లడం మొదలవుతుంది.

చుక్కాని దారి వేరు. అది తోక చివర, చాలా పడవల్లో డెక్ మీద మడిచి ఉంటుంది. తాడు లాగితే నీటిలోకి దిగుతుంది, రెండు కేబుళ్లతో మీ పాదాల దగ్గర పెడల్స్‌కి కలిసి ఉంటుంది. పక్కగాలి ముక్కును కుడివైపు లాగుతుంటే ఎడమ పెడల్‌ను కాస్త నొక్కి ఉంచుతారు. తెడ్డు రెండు వైపులా సమానంగా వేసుకుంటూ పోవచ్చు. గాలి దిశ మారినా, అలలు మారినా కాలితోనే సర్దుకోవచ్చు. ఇది నిజంగా పెద్ద సౌకర్యం, దీన్ని చిన్నచూపు చూడడం నాకు నచ్చదు.

మా బృందంలో అరవై దాటిన ఒక మేడమ్ ఉన్నారు, భుజానికి ఆపరేషన్ అయింది. ఒక వైపే బలంగా తెడ్డు లాగడం ఆవిడకు కుదరదు. చుక్కాని ఉన్న పడవ తీసుకున్నాకే మళ్లీ సముద్రంలోకి రాగలిగారు. ఇప్పుడు మాతో సమానంగా 10 మైళ్లు వస్తున్నారు. ఆవిడకు ఎవరైనా "స్కెగ్ పెట్టుకుని టెక్నిక్ నేర్చుకోండి" అని సలహా ఇస్తే నేను ఒప్పుకోను. అలాగే ఇద్దరు కూర్చునే పడవకు చుక్కాని ఉండాల్సిందే. మాది 21 అడుగులు. అంత పొడవున్నదాన్ని ఒరిగించి తిప్పాలంటే ఇద్దరూ ఒకే క్షణంలో ఒకే వైపు ఒరగాలి, ముందు కూర్చున్నవాళ్లకు వెనకవాళ్లు ఏం చేస్తున్నారో కనిపించదు. వెనక కూర్చున్నవాళ్ల కాళ్ల దగ్గర పెడల్స్ ఉంటే ఆ గొడవ ఉండదు. చిన్న తెరచాప కట్టుకునేవాళ్లకు, వారం పది రోజుల సామాను నింపుకుని రోజూ 20 మైళ్లు వెళ్లేవాళ్లకు కూడా నా ఓటు చుక్కానికే.

మరి మీకు స్కెగ్ ఎందుకు చెబుతున్నాను? ప్రధానంగా రెండు కారణాలు.

మొదటిది పాదాలు. కయాక్‌లో బలం చేతుల్లోంచి రాదు. కుడివైపు తెడ్డు లాగేటప్పుడు కుడి పాదంతో తొక్కుతారు, ఆ తొక్కు తుంటి మీదుగా నడుముకి, అక్కడినుంచి భుజానికి వెళ్తుంది. పడవను ఒరిగించాలన్నా, బోల్తా పడితే రోల్ చేసి, అంటే పడవలోంచి బయటికి రాకుండానే తిరిగి లేవాలన్నా పాదానికి గట్టి ఆధారం కావాలి. పాత రకం చుక్కాని పెడల్స్ పట్టాల మీద ముందుకు వెనక్కు జారుతాయి. మీరు తొక్కితే పెడల్ ముందుకు పోతుంది, చుక్కాని తిరుగుతుంది, పడవ వంకరపోతుంది. అందుకని తెలియకుండానే కాళ్లను వదులుగా పెట్టుకోవడం అలవాటవుతుంది. నాకు అలాగే అయింది. ఆరేళ్లు చేతులతోనే లాగాను. స్కెగ్ పడవలోకి మారాక కాలితో తొక్కడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది, దానికి ఒక సీజన్ పట్టింది. కొత్త రకంలో పాదం ఆనే పలక కదలదు, దాని పైభాగంలో బొటనవేలి దగ్గర ఉండే చిన్న ముక్క మాత్రమే కారు యాక్సిలరేటర్‌లా ముందుకు వంగుతుంది. ఇది బాగుంటుంది. మీరు చూసిన పడవలో ఏ రకమో ఫోటోలో తెలియదు. కూర్చుని, రెండు పాదాలతో ఒకేసారి గట్టిగా తన్ని చూడండి. మడమలు, అరికాళ్లు కదలకుండా నిలబడితే మంచిది. జారిపోతే ఆ పడవను వదిలేయండి, లేదా పెడల్స్ మార్పించే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.

రెండోది, అది పాడైన రోజు. చుక్కాని, స్కెగ్ రెండూ పాడవుతాయి. తేడా ఎక్కడంటే, మీరు దేనిమీద ఎంత ఆధారపడడం అలవాటు చేసుకుని ఉంటారన్న దగ్గర.

నేను తెడ్డు పట్టిన నాలుగో ఏట, శాన్ వాన్ దీవుల్లోని జేమ్స్ దీవి నుంచి అనకోర్టెస్‌లోని వాషింగ్టన్ పార్క్‌కి తిరిగి వస్తున్నాం. మధ్యలో రొజారియో జలసంధి దాటాలి. మేం తూర్పుకు వెళ్తున్నాం, గాలి దక్షిణం నుంచి, అంటే నా కుడివైపు నుంచి వీస్తోంది. ముక్కు కుడికి తిరుగుతుంటే అరగంట నుంచి ఎడమ పెడల్ నొక్కిపెట్టే ఉన్నాను. సగం దూరంలో టక్కున చప్పుడైంది, ఎడమ కాలు ముందుకు జారిపోయింది. ఎడమ కేబుల్ తెగిపోయింది. ఇక చుక్కాని కుడికే లాగుతుంది, గాలి కూడా కుడికే లాగుతుంది. చుక్కాని పైకి ఎత్తేశాను. ఆ తర్వాత పడవ నా మాట వినడం మానేసింది. కుడివైపు ఎంత పెద్ద తెడ్డు వేసినా రెండు నిమిషాల్లో మళ్లీ దక్షిణానికి తిరుగుతుంది. అటు ఓడల దారి, ట్యాంకర్లు వస్తుంటాయి. నా టెన్షన్ చూసి మా బృందంలో పెద్దాయన దగ్గరికి వచ్చి ఒక్కటే మాట చెప్పారు: "కుడి పిరుదు మీద కూర్చో, అలాగే ఉండు." కుడివైపు అంచును నీటిలోకి ఒరిగించి పట్టుకుంటే పడవ అడుగు ఆకారం మారి అది ఎడమకు తిరుగుతుంది. అంటే గాలి వచ్చే వైపు ఒరిగితే ముక్కు గాలి పోయే వైపు వస్తుంది. ఆ ఒక్క కిటుకుతో ఒడ్డుకి చేరాను. కానీ నాలుగేళ్లలో దాని అవసరం నాకు ఎప్పుడూ రాలేదు, అందుకే నేర్చుకోలేదు. అది నేర్చుకోవాల్సిన చోటు రొజారియో మధ్యభాగం కాదు.

స్కెగ్ పడవ అయితే మొదటి రోజు నుంచే ఒరిగించడం నేర్చుకుంటారు, ఎందుకంటే కాలితో తిప్పే దారి లేదు. స్కెగ్ ఇరుక్కున్న రోజు కాస్త ఎక్కువ కష్టపడతారు, అంతే.

అలాగని స్కెగ్‌కి జబ్బులు లేవని కాదు. మన దగ్గర ఒడ్డులు చాలావరకు గులకరాళ్లే. పడవను రాళ్ల మీదినుంచి నీటిలోకి తోసేటప్పుడు ఆ పెట్టెలో చిన్న రాయి దూరుతుంది, రెక్క బయటికి రాదు. అనకోర్టెస్ దగ్గరి సైప్రస్ దీవిలో పెలికన్ బీచ్ నుంచి ఒకసారి బయల్దేరాక, వెనకగాలి పెరిగింది కదా అని మీట జరిపితే కదల్లేదు. నేను బలంగా తోశాను. అది తప్పు. లోపల స్టీల్ కేబుల్ వంగిపోయింది. కేబుల్ ఒకసారి మడత పడిందంటే ఇక సాఫీగా జరగదు, మార్చాల్సిందే. ఇంటికొచ్చాక రెక్క కొసన చిన్న రంధ్రం చేసి అరంగుళం పొడవున సన్నటి తాడు ఉచ్చు కట్టాను. ఇప్పుడు ఇరుక్కుంటే పక్క పడవలో ఉన్నవాళ్లు చెయ్యి పెట్టి లాగితే వచ్చేస్తుంది. మీరు కొనేదానికి ఆ ఉచ్చు లేకపోతే మొదటి రోజే కట్టించుకోండి. బయల్దేరి నీటిలో తేలగానే మీటను ఒకసారి కిందికీ పైకీ ఆడించి చూడడం కూడా అలవాటు చేసుకోండి. ఒడ్డు పక్కనే తెలిసిపోతుంది. కేబుల్ బదులు తాడు, బంగీ (సాగే తాడు)తో పనిచేసే స్కెగ్‌లూ ఉన్నాయి. వాటిలో మడత పడే బాధ లేదు, దారిలో మరమ్మతు కూడా తేలిక.

ఇంకొకటి, స్కెగ్ పెట్టె వెనక సామాన్ల గదిలో మధ్యలో గోడలా నిలబడి ఉంటుంది. గుండ్రటి పెద్ద టెంటు సంచి పట్టదు. దానికి రెండు పక్కలా సన్నటి సంచులు సర్దుకోవాలి. ఒక రాత్రి, రెండు రాత్రుల క్యాంపింగ్‌కి ఇది పెద్ద సమస్య కాదు.

వెనకనుంచి వచ్చే అలల గురించి మీరు అడగలేదు, కానీ శాన్ వాన్ అన్నారు కాబట్టి చెప్పాలి. వేసవి మధ్యాహ్నాల్లో హువాన్ డి ఫూకా జలసంధి వైపు నుంచి పడమటి గాలి బలంగా వస్తుంది. పాటు నీరు దానికి ఎదురుగా పోతుంటే అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. అల వెనకనుంచి తోకను ఎత్తి పక్కకు నెడుతుంది, పడవ అడ్డం తిరుగుతుంది. సాధారణ అలల్లో చుక్కాని ఇక్కడ బాగా పనిచేస్తుంది, ఇది ఒప్పుకోవాలి. వెనకనుంచి గాలి, అలలు ఉన్న పొడవైన ప్రయాణంలో చుక్కాని ఉన్నవాళ్లు నాకంటే తక్కువ అలసిపోయి వస్తారు. కానీ అలలు నిటారుగా, దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు తోక గాలిలోకి లేస్తుంది. సరిగ్గా అవసరమైన క్షణంలో చుక్కాని నీటిలో ఉండదు. స్కెగ్ తోక కొసకంటే కాస్త ముందుగా అడుగున ఉంటుంది కాబట్టి ఎక్కువసేపు నీటిలో ఉంటుంది. దాంతోపాటు తెడ్డును వెనక చుక్కానిలా పట్టి సరిదిద్దడం మాత్రం నేర్చుకోవాల్సిందే.

ఒడ్డు దగ్గర చుక్కానితో జాగ్రత్త ఎక్కువ కావాలి. విరిగే అలల్లోంచి వచ్చేటప్పుడు దాన్ని పైకి ఎత్తి డెక్ మీద మడిచేయాలి. మరిచిపోతే ఇసుకలో గుచ్చుకుని వంగుతుంది, పక్కనున్న మనిషికి తగిలితే కోస్తుంది కూడా. మీరు సెలవుల్లో విశాఖ వెళ్లినప్పుడు రుషికొండలో కూడా కయాక్ వేస్తానన్నారు. అక్కడ బయటికి వెళ్లాలన్నా లోపలికి రావాలన్నా విరిగే అలలే. అలాంటి ఒడ్డుకి తోక మీద ఏ ఇనుమూ లేని పడవే నయం. ఇక్కడ మన నీళ్లలో బుల్ కెల్ప్ అనే పొడవాటి నాచు కూడా ఉంది. దానిమీదుగా వెళ్లేటప్పుడు చుక్కానిగానీ స్కెగ్‌గానీ దిగి ఉంటే చుట్టుకుని పడవను ఆపేస్తుంది, కాబట్టి నాచు కనపడగానే పైకి లాగండి. బోల్తా పడ్డాక తోక వైపు నుంచి పడవ మీదికి పాకి ఎక్కే పద్ధతి ఒకటుంది. మడిచిన చుక్కాని అక్కడ పొట్టకు, తొడలకు గీసుకుంటుంది. చుక్కాని పడవ కొంటే పక్కనుంచి ఎక్కే పద్ధతే సాధన చేయండి.

ప్రవాహం విషయంలో కొత్తవాళ్లు చేసే ఒక పెద్ద పొరపాటు చెప్పాలి. చుక్కాని ఉంటే ప్రవాహం కొట్టుకుపోనివ్వదు అనుకోవద్దు. అది ముక్కు ఎటు చూడాలో మాత్రమే పట్టి ఉంచుతుంది. మీరు, మీ పడవ, మీ చుక్కాని అంతా కలిసి ఆ నీటితోపాటే పక్కకు పోతుంటారు. మన తెడ్డు వేగం మూడు నాట్లు. డిసెప్షన్ పాస్ అనే ఇరుకు జలసంధిలో ప్రవాహం 8 నాట్ల దాకా ఉంటుంది. జలసంధి దాటేటప్పుడు అవతలి ఒడ్డున ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు గుర్తులు చూసుకోండి, ఒక రాయి, దాని వెనక ఒక చెట్టు. రెండూ ఒకే వరుసలో ఉంటే తిన్నగా పోతున్నట్టు. చెట్టు కుడివైపు విడిపోతుంటే మీరు కుడికి కొట్టుకుపోతున్నారు. చుక్కాని ఉన్నవాళ్లకు ముక్కు నిలకడగా ఉంటుంది కాబట్టి ఈ జారుడు ఆలస్యంగా తెలుస్తుంది, అది నేను చాలాసార్లు చూశాను.

అమ్మే ఇద్దరూ అంత గట్టిగా వాదించడానికి ఒక చరిత్ర ఉంది. బ్రిటన్‌లో వాళ్ల తీరానికి తగ్గట్టు, బలమైన ఆటుపోట్లలో, రాళ్ల మధ్య ఒరిగించి తిప్పే పడవల సంప్రదాయం పెరిగింది. 1975లో నార్వే ఉత్తర కొసకు చేసిన యాత్ర కోసం పడవల తయారీదారు ఫ్రాంక్ గుడ్‌మన్ తయారు చేసిన నోర్డ్‌కాప్ అనే కయాక్ ఆ వరుసలో పేరున్నది. ఆ సంప్రదాయం వాళ్లు క్రమంగా స్కెగ్ వైపు వెళ్లారు. ఇటు బ్రిటిష్ కొలంబియా, అలాస్కా తీరంలో వారాల తరబడి తిండి, టెంటు మోసుకెళ్లే పెద్ద పడవలు వచ్చాయి, వాటికి చుక్కాని సహజం. ఎవరి తీరానికి వాళ్లు సరిగ్గానే ఆలోచించారు. గ్రీన్‌లాండ్ వేటగాళ్లు కూడా తుపాకీ వచ్చాక, గురి పెట్టేటప్పుడు పడవ నిలకడగా ఉండాలని తోకకు స్కెగ్ లాంటి రెక్క కట్టుకునేవాళ్లు. కాబట్టి "అసలు సిసలు కయాక్‌కి ఏమీ ఉండకూడదు" అనే మూడో వాదన ఎవరైనా తెస్తే పట్టించుకోకండి.

ఇక కొనేముందు చూడాల్సినవి. చుక్కాని పడవ అయితే కేబుల్‌ను వేలితో తడమండి, ముఖ్యంగా గొట్టంలోకి దూరే చోట, కొసన బిగించిన చోట. ఒక్క పోగు తెగి గుచ్చుకున్నా మొత్తం కేబుల్ మార్చాలి. చుక్కానిని చేత్తో పట్టుకుని ఊపండి, ఇరుసు దగ్గర గలగలా ఆడకూడదు. ఎత్తే తాడు కాక్‌పిట్‌లో కూర్చునే లాగగలగాలి. స్కెగ్ పడవ అయితే మీటను పదిసార్లు పైకీ కిందికీ జరపండి, ఎక్కడా పట్టేయకూడదు. తర్వాత పడవను బోర్లించి స్కెగ్ పెట్టెలో నీళ్లు పోయండి. వెనక హాచ్ (సామాన్ల గది మూత) తెరిచి టార్చ్ వేసి చూడండి, చుక్క కారినా పెట్టె అతుకు దగ్గర లీకు ఉన్నట్టే. ఇది అమ్మేవాళ్లు ఎప్పుడూ చెప్పరు, చాలామందికి తెలియను కూడా తెలియదు. ఇంకో తేడా గుర్తుంచుకోండి. చాలా పడవలకు చుక్కాని తర్వాత బిగించుకోవచ్చు, తయారీలోనే రంధ్రాలు వదులుతారు. స్కెగ్ తర్వాత పెట్టాలంటే అడుగు కోయాలి, అది అందరూ చేసే పని కాదు.

సామాను సర్దడం కూడా దీనిలో భాగమే. బరువు ముందు ఎక్కువైతే ముక్కు ఇంకా లోతుగా దిగి పడవ గాలిలోకి ఇంకా ఎక్కువ తిరుగుతుంది. నీళ్ల సంచి, వంట సామాను లాంటి బరువులు కాస్త వెనక్కి మార్చితే సగం సమస్య అక్కడే పోతుంది. ఒకసారి మా బృందంలో ఒకబ్బాయి రోజంతా స్కెగ్ పనిచేయడం లేదని బాధపడ్డాడు. సాయంత్రం చూస్తే తాగునీళ్లు మొత్తం ముందు హాచ్‌లో పెట్టుకున్నాడు. మర్నాడు వెనక్కి మార్చాక స్కెగ్ సగం కూడా దించాల్సిన పని రాలేదు.

నా సలహా ఇది. డబ్బు ఇచ్చేముందు ఇద్దరినీ ఒక గంట పడవ వాడి చూడనివ్వమని అడగండి. గాలి 10 నాట్ల దగ్గర ఉన్న మధ్యాహ్నం లేక్ వాషింగ్టన్‌లో మాగ్నసన్ పార్క్ దగ్గర దిగండి. ఆ చెరువు ఉత్తర దక్షిణాలుగా పొడవు, గాలి కూడా ఎక్కువగా అదే దారిలో వీస్తుంది, కాబట్టి తూర్పుకు కాసేపు వెళ్తే మంచి పక్కగాలి దొరుకుతుంది. ముందు రెండు పడవల్లోనూ చుక్కాని, స్కెగ్ పైకే ఉంచి అయిదు నిమిషాలు వెళ్లండి. ఎన్ని తెడ్లకు ఒకసారి సరిదిద్దాల్సి వస్తోందో లెక్కపెట్టండి. ఏమీ దించకుండా ఏ పడవ మీ మాట ఎక్కువ వింటుందో అదే మంచి పడవ. తర్వాత దించి చూడండి. తిరిగి వచ్చేటప్పుడు గాలి వచ్చే వైపు ఒరిగి, పడవ గాలి పోయే వైపు తిరుగుతుందో లేదో చూడండి. ఈ ఒరిగించే పనిని ఒడ్డు పక్కన, నడుం లోతు నీళ్లలో, తోడు ఒకరు నిలబడి ఉండగా చేయండి.

ఇద్దరిలో ఎవరైనా వాడి చూడ్డానికి ఒప్పుకోకపోతే ఆ పడవ వదిలేయండి. లైఫ్ జాకెట్ మాత్రమే వేసుకుని దిగొద్దు, నీళ్లు లోపలికి రానివ్వని డ్రైసూట్ అద్దెకు దొరుకుతుంది. ఏప్రిల్‌లో ప్యూజెట్ సౌండ్‌లో నీళ్లు 9 డిగ్రీల దగ్గర ఉంటాయి, చెరువు కూడా పెద్ద తేడా ఏమీ ఉండదు. మీ ఎత్తు, బరువు, చెప్పుల సైజు రాస్తే ఆ రెండు పడవల్లో ఏది మీకు పడుతుందో ఇంకా కచ్చితంగా చెప్పగలను.